మోడు నుంచి పారిజాతం: ఒక ప్రాజెక్టు డైరీ

2024 మార్చి 2, శనివారం

పొద్దున్నే గొడ్డలి చప్పుడుకి మెలకువ వచ్చింది. ఏదో ఫ్లాట్లో వడ్రంగి పని జరుగుతోందేమో అనుకుని మళ్లీ దుప్పటి కప్పుకున్నాను. కాఫీ తీసుకుని బాల్కనీలోకి వచ్చేసరికి వెనక కాంపౌండ్ గోడ పక్కనున్న పారిజాతం మోకాలెత్తు మోడైపోయింది, కొమ్మలన్నీ పక్కన కుప్పగా పడున్నాయి.

"ఎండిపోయింది కద మేడం, ఒక్క ఆకు లేదు. అసోసియేషన్ సార్లు కొట్టెయ్యమన్నరు" అన్నాడు వాచ్‌మన్. అతనిదేం తప్పు లేదు. చలికాలం చివర్న మొదలుపెట్టి ఎండాకాలం దాకా పారిజాతం ఆకు రాలుస్తుంది. అప్పుడు చూస్తే చచ్చిపోయిందనే అనిపిస్తుంది, పైగా పోయినేటి కాయలు గుండ్రంగా, పల్చగా, గోధుమరంగు కోటు గుండీల్లాగా కొమ్మల నిండా వేలాడుతుంటాయి కాబట్టి ఇంకా దిగులుగా కనిపిస్తుంది. 1753లో లిన్నేయస్ దీనికి పెట్టిన పేరులోనే 'ఆర్బర్-ట్రిస్టిస్' అని ఉంది, అంటే ఏడుపుగొట్టు చెట్టు. ఆయన ఆ పేరు పెట్టింది రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోయే పూలని దృష్టిలో పెట్టుకుని అంటారు గానీ మార్చిలో హైదరాబాద్‌లో మా తార్నాక వచ్చి చూసినా అదే పెట్టేవాడు.

ఇక అసలు కారణం ఆకులు కాదని అపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. చెట్టు సత్యభామ పెరట్లో, పూలు రుక్మిణి వాకిట్లో అన్నట్టు చెట్టు మాది, పూలన్నీ గ్రౌండ్ ఫ్లోర్ అంకుల్ తెల్ల కారు మీద. రాలిన పూలు మంచుకి తడిసి అద్దం మీద అతుక్కుంటే ఆ నారింజ కాడల రంగు దిగుతుంది. పట్టుబట్టలకి అద్దకం వేసిన రంగది, ఊరికే పోతుందా? ఆశ్వయుజం నుంచి మీటింగుల్లో ఆయన ఇదే మాట. పైగా వానాకాలంలో గొంగళిపురుగులు. సరే, గొడవపడి లాభం లేదు, చెట్టు పడిపోయింది.

కుప్పలోంచి చంకనిండా కొమ్మలు తెచ్చి బాల్కనీలో పడేశాను. చెత్తబండి రేపు పొద్దున వస్తుంది, ఆలోపు ఏదో ఒకటి చెయ్యాలి.

మార్చి 3, ఆదివారం

"నర్సరీలో నూటయాభై పెడితే మొక్క వస్తుంది కదే" అని అత్తయ్య. వస్తుంది, ఎందుకు రాదు. కానీ గింజ నుంచి పెంచిన మొక్క ఎలా వస్తుందో చెప్పలేం, కొమ్మ నుంచి వచ్చినది మాత్రం అదే చెట్టు, అచ్చంగా. ఈ చెట్టు శ్రావణంలోనే మొదలుపెట్టి కార్తీకం దాటేదాకా పూస్తుంది. పన్నెండేళ్లుగా అత్తయ్య పూజ దీని పూలతోనే. మిగతా పూలు నేలరాలితే పూజకి పనికిరావు, పారిజాతానికి మాత్రం రాలినవే ఏరుకోవాలి, కొయ్యకూడదు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఎన్నిసార్లు తిరిగినా పారిజాతం అమ్మకానికి నాకైతే కనిపించలేదు. మధ్యాహ్నానికి నలిగిపోయే పువ్వుని ఎవరు మాత్రం అమ్ముతారు? ఇవన్నీ సాకులే అనుకోండి. నిజం చెప్పాలంటే పంతం.

కొమ్మలు కత్తిరిస్తుంటే ఒక సంగతి గమనించాను, పన్నెండేళ్లుగా చూస్తూ ఎప్పుడూ పట్టించుకోనిది. లేత కొమ్మ గుండ్రంగా ఉండదు, నలుపలకలుగా ఉంటుంది. వేళ్ల మధ్య తిప్పితే పెన్సిల్ లాగా అంచులు తగులుతాయి. ముదిరేకొద్దీ ఆ అంచులు అరిగి గుండ్రమవుతుంది. కొమ్మ వయసు కనుక్కోవడానికి ఇంతకంటే తేలిక గుర్తు లేదు.

పెన్సిల్ లావువి, జానెడు పొడుగువి పద్దెనిమిది ముక్కలు. కింద కణుపుకి కాస్త దిగువన ఏటవాలుగా కోత, పైన సమంగా. ఇలా కోస్తే ఏది కింద ఏది పైన అన్న గందరగోళం ఉండదు, ఆకుల్లేని పుల్లకి ఈ గుర్తు చాలా అవసరం. నల్ల నర్సరీ కవర్లలో ఎర్రమట్టి, పేడ ఎరువు కలిపి గుచ్చేశాను. హార్మోన్ పౌడర్ గట్రా ఏమీ లేదు.

మార్చి 24

పద్దెనిమిదిలో పద్నాలుగు చిగురేశాయి! జంటలు జంటలుగా, ఎదురెదురుగా, ఎలుక చెవులంత ఆకులు. ఫొటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను, మా తమ్ముడైతే "నర్సరీ పెట్టెయ్ అక్కా" అన్నాడు. గర్వంగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

గ్రౌండ్ ఫ్లోర్ అంకుల్ కూడా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టారు, ఉత్తరప్రదేశ్‌లో బారాబంకి దగ్గర కింటూర్ అనే ఊళ్లో దేవలోకపు పారిజాతం ఉందని, అసలైన పారిజాతం అదేనని. ఆ ఫొటోలో ఉన్నది బావొబాబ్ చెట్టు, ఆఫ్రికా జాతి. గోల్కొండ నయాఖిల్లాలో హతియాన్ కా ఝాడ్ అని మనందరం వెళ్లి ఫొటోలు దిగే ఏనుగంత చెట్టు ఉంది చూడండి, ఆ జాతే. ఆ సంగతి గ్రూపులో రాయబోయి ఆగిపోయాను. కొట్టేయమన్న మనిషి పారిజాతం మహత్యం పంచుతున్నారు, అది చాలు.

ఏప్రిల్ 21

ఒక్కటీ లేదు. పద్దెనిమిదికి సున్నా.

ఉగాది దాకా బాగానే ఉన్నాయి. ఎండ 40 డిగ్రీలు దాటిన వారంలో ఆకులు మెత్తబడ్డాయి, నేనేమో నీళ్లు చాలట్లేదని రెండుపూటలా పోశాను, నాలుగు రోజుల్లో వరసగా వాడిపోయాయి. లాగి చూస్తే పుల్ల సులువుగా వచ్చేసింది. కింద కోత దగ్గర ఒక్క వేరు కూడా లేదు, గుచ్చినరోజు ఎలా ఉందో అలాగే, కాకపోతే నల్లగా.

చిగుళ్లు ఎలా వచ్చాయంటే, ఆకు రాల్చిన చెట్టు తన తిండినంతా కొమ్మలో దాచుకుంటుంది. ఆ నిల్వతోనే మొగ్గలు విచ్చుకున్నాయి, దానికి వేరుతో పనిలేదు. కుండీలో పెట్టకుండా గ్లాసు నీళ్లలో పెట్టినా చిగురేసేవే. ఆకులొచ్చాక అవి నీళ్లు అడుగుతాయి, వేళ్లు లేవు, నిల్వ అయిపోయింది, బయట 40 డిగ్రీలు. అయిపోయింది కథ. అంటే ఈ చెట్టు బతికున్నప్పుడు చచ్చినట్టుంటుంది, చచ్చిపోయే ముందు బతికినట్టుంటుంది. మార్చిలో వాచ్‌మన్ ఆకు లేదని మోసపోయాడు, నేను ఆకు ఉందని మోసపోయాను, ఇద్దరికీ పెద్ద తేడా లేదు.

ఖాళీ కవర్లు మడతపెట్టి అటక మీద పడేశాను.

జూన్ 9

అటక మీంచి మళ్లీ దించాను.

తొలకరి పడ్డ మూడో రోజు చెత్త పడెయ్యడానికి వెనక్కి వెళ్తే, మోడు చుట్టూ పచ్చగా కనపడింది. పదిహేను దాకా ఉంటాయి, నిటారుగా, బొటనవేలంత పొడుగునుంచి జానెడు దాకా, నలుపలకల కాడలు, గరుకు ఆకులు. పారిజాతం ఆకు మీద చెయ్యి పెడితే గరుకు కాగితమే, పూర్వం చెక్క నునుపు చెయ్యడానికి వాడేవారట. వాచ్‌మన్‌ని పిలిచి చూపించాను. "అరె, బతికే ఉందా ఇది!" అని, వెంటనే "మల్ల కొట్టమంటరా?" అన్నాడు. దణ్ణం పెట్టాను. సెక్రటరీ గారితో మాట్లాడతాను, వానాకాలం అయ్యేదాకా ముట్టుకోవద్దు అన్నా అని చెప్పి వచ్చాను.

ఇక్కడొక లాభం ఉంది. ముసలి కొమ్మల కంటే నరికిన మోడు మీద వచ్చిన కొత్త రెమ్మలు తొందరగా వేరు పోస్తాయి. వయసు మీద పడ్డ చెట్టులోనూ మొదలు దగ్గర పుట్టిన రెమ్మకి పసిమొక్క లక్షణం ఉంటుంది. చెట్టు కొట్టించినందుకు అంకుల్‌కి థాంక్స్ చెప్పాల్సి వచ్చేలా ఉంది, చెప్పను గానీ.

జూన్ 23

ఆగలేక తప్పు చేశాను. రెమ్మలు మూరెడు అయ్యాయి కదా అని చివర్ల నుంచి పన్నెండు కోసి పెట్టేశాను. అన్నీ లేతవి, గోరు పెడితే దిగిపోయేంత లేత. ఈసారి ఎర్రమట్టి వద్దు, నీరు నిలుస్తుంది, ఇసుక కావాలి అని చదివాను కాబట్టి మా వీధిలో కడుతున్న బిల్డింగ్ దగ్గర మేస్త్రీని అడిగి బకెట్ ఇసుక తెచ్చాను. అది రోబో ఇసుక, రాయిని మరపట్టించినది. ఏటి ఇసుక ఈ రోజుల్లో ఎవరు వాడుతున్నారు?

జూలై 14

పన్నెండుకి సున్నా. ఈసారి వాడిపోలేదు, కుళ్లాయి. కింద నుంచి నల్లగా మొదలై పైకి పాకింది, వేలితో నొక్కితే తోలు ఊడి చేతిలోకి వచ్చేసింది, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగువాసన.

రోబో ఇసుకని గాజుగ్లాసులో నీళ్లు పోసి కలిపి చూశాను. ఇసుక ఒక నిమిషంలో అడుగుకి చేరింది, పైన నీళ్లు మాత్రం గంటైనా పాలలాగే ఉన్నాయి. అదంతా రాతిపొడి. తడిసి ఆరితే సిమెంటు పూతలా గట్టిపడి రంధ్రాలన్నీ మూసేస్తుంది, గాలి ఆడదు. గాలి ఆడకపోతే కొమ్మ కోసినచోట వేరు పుట్టే లోపే బూజు పుడుతుంది. కడిగితే వాడుకోవచ్చు, ఐదారుసార్లు కడగాలి, మా మున్సిపల్ నీళ్లు వచ్చేది రోజు విడిచి రోజు, ఇసుక కడుగుతూ కూర్చుంటే అత్తయ్య ఊరుకోదు. అక్వేరియం షాపులో రెండు కిలోల ఏటి ఇసుక ప్యాకెట్ కొన్నాను. ధర చెప్పను, బియ్యం కంటే ఎక్కువ.

జూలై 28, ఆదివారం

పాతబస్తీ బోనాలు, అత్తయ్య టీవీ ముందు కూర్చుంది. నేను బాల్కనీలో. ఈ రోజు చేసింది కాస్త వివరంగా రాసిపెట్టుకుంటున్నాను, పోయినా ఎందుకు పోయాయో తెలియాలి కదా.

రెమ్మలు ఇప్పుడు నా నడుము ఎత్తు. ఒక్కో రెమ్మని మూడు భాగాలుగా చూశాను. పైన జానెడు ఇంకా లేత, వంచితే వంగుతుంది, అది వద్దు. అడుగుది గట్టిపడి గోధుమరంగు తిరిగింది, అదీ వద్దు. మధ్యలో, రంగు ఆకుపచ్చలోంచి మారుతూ, వంచితే కొంచెం వంగి 'టక్' అని విరగబోయేది ఉంది చూడండి, అది కావాలి. ఆరంగుళాల ముక్కలు, ఒక్కోదానికి మూడు కణుపులు. పొద్దున ఏడింటికే కోశాను, రెమ్మలో నీరు నిండుగా ఉండే టైమది, కోసినవి కోసినట్టు తడిగుడ్డలో చుట్టాను. కత్తెర డెటాల్‌తో తుడిచాను.

కింది రెండు జతల ఆకులు తీసేసి పై జత ఉంచాను, ఆ రెండూ సగానికి అడ్డంగా కత్తిరించాను. ఆకు మొత్తం ఉంచితే నీరు ఆవిరైపోతుంది, అసలు లేకుండా చేస్తే వేరు పెట్టడానికి తిండి తయారు కాదు, సగం అనేది రాజీ.

మొత్తం ఇరవై నాలుగు. పన్నెండింటికి రూటింగ్ పౌడర్, ఐబీఎ (వేరు పుట్టించే హార్మోన్) 3000 పీపీఎం అని డబ్బా మీద ఉంది, సగం ముదిరిన కొమ్మలకి సరిపడే మోతాదు. కొంచెం పౌడర్ కాగితం మీద పోసుకుని అందులో అద్దాలి, తడి పుల్లని నేరుగా డబ్బాలో ముంచితే మిగతా పౌడర్ పాడవుతుంది. అద్దాక గోటితో తట్టి ఎక్కువైంది రాల్చాలి, బూడిద గుమ్మడికాయ మీది బూడిదలా పల్చగా ఉంటే చాలు. ఇంకో ఆరింటికి కలబంద గుజ్జు, ఎందుకంటే అందరూ చెప్తున్నారు. మిగతా ఆరింటికి ఏమీ లేదు.

మట్టి బదులు, రెండుసార్లు కడిగి పిండిన కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) సగం, ఆ బంగారు ఇసుక సగం. పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలు కారాలి, ధార కారకూడదు. కుండీలు కొనలేదు, ఫంక్షన్లలో ఇచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులు, అడుగున వేడి సూదితో ఐదు చిల్లులు. లోపల ఏం జరుగుతోందో పీకకుండా చూడటానికి. అయితే వేరుకి వెలుతురు పనికిరాదు కాబట్టి ఒక్కో గ్లాసుని కాగితపు టీ కప్పులో కూర్చోబెట్టాను, చూడాలనిపిస్తే పైకెత్తి చూసి మళ్లీ పెట్టెయ్యడమే. పెన్సిల్‌తో ముందు గుంట చేసి, అందులో పుల్ల దించి, చుట్టూ వేళ్లతో అదిమాను. నేరుగా గుచ్చితే పౌడరంతా పైనే తుడుచుకుపోతుంది.

మూతకి పగిలిపోయిన ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు రెండు దొరికాయి. అడుగు కోసేసి బోర్లిస్తే ఒక్కోదాని కింద తొమ్మిది గ్లాసులు పట్టాయి, మిగతావాటికి రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు. నీళ్లు పొయ్యడం కాదు ఇక్కడ పని, లోపల గాలి తడిగా ఉండాలి, వేళ్లు లేని కొమ్మ తాగలేదు కాబట్టి ఆకులోంచి పోకుండా ఆపాలి. బోరు నీళ్లు వద్దనుకున్నాను, గీజర్ రాడ్డుకి ఎంత సున్నం పడుతుందో చూశాక. పిచికారీకి వాన నీళ్లు పట్టి ఉంచాను.

పక్కనే పోల్చి చూడటానికి, తేలిగ్గా వేరు పోసే వావిలి పుల్లలు నాలుగు, ఉస్మానియా క్యాంపస్‌లో వాకింగ్‌కి వెళ్లినప్పుడు తెచ్చినవి. పౌడర్ లేదు, గీడర్ లేదు. వావిలి కూడా రాకపోతే తప్పు నా మూతదో మట్టిదో అని అర్థం, వావిలి వచ్చి పారిజాతం రాకపోతే అప్పుడు పారిజాతం సంగతి వేరే చూడాలి.

అన్నట్టు ఒక చిన్న పని. మోడు దగ్గర నేలబారుగా పెరిగిన ఒక రెమ్మని వంచి, నేల తగిలేచోట తోలు కొంచెం గీకి, మట్టి కప్పి, పైన ఇటుక పెట్టాను. నేల అంటు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆగస్టు 18

వావిలి నాలుగుకి నాలుగూ వేళ్లు పోసుకుంది, గ్లాసు గోడల వెంట తెల్లగా అల్లుకుపోయాయి. దీనికి కొమ్మ ముక్క చాలు, ఎక్కడ గుచ్చినా లేస్తుంది.

పారిజాతం ఇరవై నాలుగులో పంతొమ్మిది ఆకులు పచ్చగానే ఉన్నాయి. ఐదు నల్లబడ్డాయి, వెంటనే తీసేశాను, పక్కవాటికి అంటుకుంటుంది. ఏప్రిల్ అనుభవం ఉంది కాబట్టి పచ్చగా ఉన్నందుకు సంబరం ఏమీ లేదు. ఒకటి పీకి చూశాను, ఒకే ఒక్కటి, ఒట్టు. కోత అంచున తెల్లగా, బొబ్బర్లంత బుడిపె. వేరు కాదు, గాయం మానుతూ ఉబ్బిన కణజాలం. ఇది వచ్చినంత మాత్రాన వేరు వస్తుందని లేదు, నెలలు నెలలు బుడిపెతోనే ఉండిపోయేవీ ఉంటాయట. మళ్లీ గుంటలో పెట్టేశాను.

పని మనిషి వచ్చి క్యాన్లు చూసి "అమ్మా, ఏం పొదిగేస్తున్నవు?" అంది. ఆ మాటే బాగుంది.

సెప్టెంబర్ 7, వినాయక చవితి

మొన్న ఒకటో తారీఖు వానకి బాల్కనీలోకి జల్లు కొట్టి రెండు సీసాలు దొర్లిపోయాయి, రాత్రి పదకొండింటికి అన్నీ హాల్లోకి మోశాను. సోఫా మీద టవల్ పరిచి మరీ.

ఇరవయ్యొక్క పత్రుల్లో సింధువార పత్రం అంటే వావిలి ఆకే. ఏటా బజార్లో ఇచ్చే కట్టలో ఏదో పిచ్చి ఆకు ఉండేది, ఈసారి మా వావిలి మొక్క నుంచి రెండు ఆకులు. అత్తయ్య మొదటిసారి "ఈ ప్లాస్టిక్ గ్లాసుల వల్ల ఒక పనైంది" అంది.

సెప్టెంబర్ 15, ఆదివారం

వేరు!

రోజూ పొద్దున కాఫీ చేతిలో పట్టుకుని ఒక్కో గ్లాసు ఎత్తి చూడటం అలవాటైపోయింది. ఈ రోజు ఏడో నంబర్ గ్లాసు అడుగున, కోకోపీట్ గోధుమరంగు మీద సేమ్యా పోగంత తెల్లటి గీత. ముందు ఇసుక రేణువుల వరస అనుకున్నాను. కళ్లజోడు తెచ్చుకుని చూస్తే కొన దగ్గర కొంచెం పసుపు, దాని వెనక సన్నని నూగు, ఆ నూగు చివర్లకి నీటి తుంపరలు పట్టుకుని ఉన్నాయి. నలభై తొమ్మిది రోజులు. మిగతావి కూడా చూస్తే ఇంకో మూడింట్లో ఉన్నాయి. కాఫీ చల్లారిపోయింది.

సెప్టెంబర్ ఆఖరు

లెక్క తేలింది. పౌడర్ పెట్టిన పన్నెండులో ఏడు, కలబందలో ఒకటి, ఏమీ లేనివాటిలో ఒకటి. ఇరవై నాలుగులో తొమ్మిది. నా బాల్కనీ లెక్క ఇది, దీని మీద ఎవరూ పేపర్ రాయొద్దు, కానీ నా మటుకు నేను కలబందని ఇక జుట్టుకే వాడతాను.

అక్టోబర్ 6

తొమ్మిది ఇప్పుడు ఎనిమిది. వేళ్లొచ్చాయి కదా అని ఒక సీసా మూత పూర్తిగా తీసేసి ఆఫీసుకి వెళ్లాను, సాయంత్రానికి ఆకులు టిష్యూ కాగితంలా వేలాడుతున్నాయి, మళ్లీ లేవలేదు. రెండు నెలలు తడి గాలిలో పెరిగిన ఆకుకి బయటి గాలి తెలియదు. మిగతావాటికి బుద్ధి తెచ్చుకుని, క్యాన్ మూతి మూత మొదటి రోజు ఒక గంట, తర్వాత రెండు గంటలు తెరిచి ఉంచి, తర్వాత క్యాన్ కింద పుల్ల పెట్టి కొంచెం ఎత్తి, పది పన్నెండు రోజులకి పూర్తిగా తీశాను.

ఆరంగుళాల కుండీల్లోకి మార్చాను, ఎర్రమట్టి రెండు పాళ్లు, వర్మీకంపోస్ట్ ఒకటి, ఇసుక ఒకటి. వేళ్లు గాజుల్లా పుటుక్కున విరుగుతాయి, అందుకని గ్లాసుని కత్తెరతో నిలువునా చీల్చి ముద్దని ముద్దలాగే దించాను.

వెనక్కి వెళ్లి ఇటుక తీసి చూస్తే నేల అంటు రెమ్మ కింద పిడికెడు వేళ్లు. హార్మోన్ లేదు, క్యాన్ లేదు, అక్వేరియం ఇసుక లేదు, నేను దాన్ని మర్చిపోయాను కూడా. తల్లి నుంచి తిండి అందుతూనే ఉంటుంది కాబట్టి దానికి తొందరేముంది. ఈ సంగతి మార్చిలోనే తెలిసుంటే అనుకున్నాను గానీ మార్చిలో వంచడానికి రెమ్మ ఎక్కడుంది?

నవంబర్ 15, కార్తీక పౌర్ణమి

మా కుండీల్లో పూలు లేవు, ఉండవు కూడా, ఇంకా జానెడు మొక్కలు. కానీ వెనక మోడు మీద మిగిలిన రెమ్మల చివర్లలో మూడు గుత్తులు పట్టాయి. తెల్లవారుజామున అత్తయ్య టార్చి పట్టుకుని వెళ్లి ఏరుకొచ్చింది, మొత్తం పదకొండు పూలు. నారింజ కాడ, చుట్టూ ఆరేడు తెల్ల రేకలు, ఒక్కో రేక చివర చిన్న నొక్కు, గాలిపంకాలాగా ఒకవైపు తిరిగి ఉంటాయి. ఇత్తడి పళ్లెంలో పెట్టి ముందు దేవుడికి, తర్వాత నాకు చూపించింది.

సెక్రటరీ గారు మోడుని ఉంచడానికి ఒప్పుకున్నారు, కారు వైపు కొమ్మ పెరగనివ్వకూడదన్న షరతు మీద. రెండో ఫ్లోర్ ఆంటీ ఒక మొక్క అడిగి తీసుకున్నారు, కీళ్ల నొప్పులకి ఆకు కషాయం కోసమట. ఇప్పుడున్నవే ఆరు ఆకులు, అవి తుంచి కషాయం కాస్తే మొక్క ఏం కావాలండీ అని చెప్పి మరీ ఇచ్చాను.

2025 జనవరి 26

ఆకులు పసుపుపచ్చగా అవుతున్నాయి. కొన్నింటి మీద నల్ల మచ్చలు. రోజుకి ఒకటి రెండు రాలుతున్నాయి. తెలుసు, ఎందుకో తెలుసు, అయినా టెన్షన్.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఏడు కుండీలు, నేల అంటుతో కలిపి ఎనిమిది. ఎనిమిదింట్లోనూ పుల్లలే.

వారం రోజులు ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లొచ్చాను. వచ్చేసరికి కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎండిపోతున్నాయని అత్తయ్య రోజూ పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు పోసిందట. ఆకు రాల్చిన మొక్క నీళ్లు తాగదు, ఆకుల్లోంచి ఆవిరైతేనే కదా వేరు లాగేది. పది పదిహేను రోజులకొకసారి కొంచెం తడిపితే సరిపోతుంది. ఒకదాని మొదలు మెత్తబడిపోయింది, వాసన చూడగానే జూలై గుర్తొచ్చింది. మిగతా ఏడింటి పళ్లేలు వంచేసి ఎండలోకి జరిపాను. అత్తయ్యని ఏమీ అనలేదు, ఏమంటాను, ఏప్రిల్‌లో నేను చేసిందీ అదే.

పాత కుండీలు కిందకి దించడానికి వాచ్‌మన్ వచ్చాడు. వరసగా ఉన్న పుల్లల్ని చూసి "ఇవి గూడ తీస్కపోవాల్నా మేడం, ఎండినయి కద?" అన్నాడు.

అతన్ని కూర్చోబెట్టి, ఏడో నంబర్ పుల్ల మీద బొటనవేలి గోటితో ఆవగింజంత గీకి చూపించాను. పైన బూడిదరంగు తోలు, దాని కింద తడి తడిగా పచ్చ. అతను కూడా పక్కదాన్ని గీకాడు. పచ్చగానే ఉంది. ఇంకోదాన్ని గీకబోతుంటే ఆపాను, అందరూ గీకి చూస్తే నిజంగానే ఎండిపోతాయి.

వాటిని నేలలో పెట్టడానికి జూన్ దాకా ఆగాలి. అప్పటిదాకా నేను ఇంట్లో లేనప్పుడు ఎవరొస్తారో తెలియదు కాబట్టి ఐస్‌క్రీమ్ పుల్లల మీద మార్కర్‌తో రాసి ఒక్కో కుండీలో ఒకటి గుచ్చాను: "ఎండలేదు. ఆకు రాల్చింది. నీళ్లు పొయ్యొద్దు. పారెయ్యొద్దు." అత్తయ్యకి చత్వారం, ఐస్‌క్రీమ్ పుల్ల మీది అక్షరాలు కనపడవంది. రేపు అట్టముక్క మీద పెద్దగా రాయాలి.